పసిపిల్లల మెదడు స్కాన్ చూడటం నేర్చుకుందాం – 3వ పాఠం: తెలుపు, బూడిద తారుమారయ్యే నెలలు

పోయిన పాఠంలో పాపకి పాలు పట్టి, చెవులకి రక్షణ పెట్టి, మత్తు మందు లేకుండా మామూలు నిద్రలోనే ఎం.ఆర్.ఐ. ఎలా తీస్తారో చూశాం. ఇప్పుడు ఆ బొమ్మ మన ముందుంది. ముందు వయసు రాసుకోండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే పుట్టినరోజు నుంచి కాదు, డాక్టర్లు ముందుగా అంచనా వేసి ఇచ్చిన కాన్పు తేదీ నుంచి లెక్కపెట్టాలి; 8 వారాలు ముందే పుట్టి ఇప్పుడు 20 వారాలున్న పాప మెదడుని 12 వారాల మెదడుగానే చూడాలి. ఇక్కడ తప్పితే తర్వాత చేసేదంతా తప్పే.

ఎందుకంటే, పెద్దవాళ్ళ టీ1 బొమ్మలో (ఎం.ఆర్.ఐ.లో తీసే ఒక రకం బొమ్మ) వైట్ మ్యాటర్, అంటే నరాల పోగులుండే భాగం తెల్లగా, గ్రే మ్యాటర్, అంటే నరాల కణాలుండే భాగం బూడిద రంగులో కనిపిస్తాయి కదా, అప్పుడే పుట్టిన బిడ్డలో అది తలకిందులుగా ఉంటుంది, వైట్ మ్యాటరే ముదురుగా కనిపిస్తుంది. నరాల పోగులకి మయలిన్ అనే కొవ్వు పొర ఇంకా పట్టలేదు, నీరు కూడా ఎక్కువ. మయలిన్ పట్టేకొద్దీ టీ1లో ఆ చోటు తెల్లబడుతూ వస్తుంది. సుమారు 6 నెలల దగ్గర రెండూ దాదాపు ఒకే రంగులోకి వచ్చేస్తాయి, ఏది ఎక్కడ ఆగిందో కంటికి అందదు. నాకు అన్నిటికన్నా కష్టమైన దశ ఇదే, ఇష్టమైనదీ ఇదే. పెద్దల కోసం రాసిన సాఫ్ట్‌వేర్‌కి ఈ బొమ్మ ఇస్తే రెండిటి మధ్య ఏదో ఒక గీత గీసి ఇచ్చేస్తుంది, చూడ్డానికి నీట్‌గానే ఉంటుంది, కానీ నమ్మొద్దు. పసిపిల్లల కోసమే తయారైన ఇన్‌ఫెంట్ ఫ్రీసర్ఫర్ లాంటివి వాడండి.

మయలిన్ కింది నుంచి పైకి, వెనక నుంచి ముందుకి పడుతుంది. నెలలు నిండిన బిడ్డలో ఇంటర్నల్ క్యాప్సూల్ (మెదడు లోపల లోతుగా ఉండే నరాల పోగుల దారి) వెనక భాగంలో పుట్టేసరికే కొంత ఉంటుంది, కాబట్టి కన్ను ముందు అక్కడికి వెళ్ళాలి. మెదడు రెండు సగాల్నీ కలిపే పోగుల కట్ట కార్పస్ కలోసమ్; దాని వెనక కొస 4 నెలలకి, ముందు కొస 6 నెలలకి, అటూ ఇటూగా, టీ1లో తెల్లబడతాయి. నుదుటి వైపు చివరికి. మొదటి 6 నెలలు టీ1 ఎక్కువ చెబుతుంది, ఆ తర్వాత ఏడాదిన్నర దాకా టీ2 అనే ఇంకో రకం ఎం.ఆర్.ఐ. బొమ్మ చూడాలి.

ఈ వారం అభ్యాసం: పసిపిల్లల మెదడు స్కాన్‌లు సేకరించిన డెవలపింగ్ హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్ట్ వాళ్ళు పరిశోధన కోసం విడుదల చేసిన డేటాలోంచి, నెలలు నిండి పుట్టిన బిడ్డ టీ2 బొమ్మ ఒకటి తెరవండి. టీ2లో మయలిన్ పట్టిన చోటు నల్లబడుతుంది. ఇంటర్నల్ క్యాప్సూల్‌లో ఆ సన్నటి నల్లచార వెతికి, రెండు పక్కలా సమానంగా ఉందో లేదో రాసి పెట్టుకోండి, 4వ పాఠం అక్కణ్ణుంచే మొదలుపెడదాం.