గ్యాస్ బాయిలర్‌లో స్టీమ్ వేడి హద్దు దాటితే ఏం చేయాలి? స్ప్రే జోలికి పోకముందే గాలి చూడండి

మా రాయగడ వైపు పని నేర్చిన కుర్రాళ్లకు బొగ్గు బాయిలర్ అంటే భయం లేదు. విజయనగరం రైలెక్కి, అక్కడినుంచి కాకినాడ వైపు వెళ్లి గ్యాస్ బాయిలర్ ముందు నిలబడ్డాకే తంటా. రాత్రి పదకొండింటికి ఫోన్. "మాస్టారూ, స్టీమ్ 400 డిగ్రీలు ఉండాల్సింది 425 కొడుతోంది. స్ప్రే మొత్తం తెరిచేశాం, దిగట్లేదు." స్ప్రే అంటే స్టీమ్ గొట్టంలోకి నీరు చిమ్మి వేడి దించేది. నేనడిగేది ఒకటే. "పొగ గ్యాసుల్లో ఆక్సిజన్ ఎంతుందిరా?" అటునుంచి మాట ఉండదు.

ముందు ఆ 425 నిజమో కాదో తేల్చుకోండి. పక్కనున్న రెండో థర్మోకపుల్‌తో (వేడి కొలిచే సెన్సర్), పైపు మీది గేజ్‌తో పోల్చి చూస్తే రెండు నిమిషాల పని. నిజమే అయి, ట్రిప్ హద్దుకు (బాయిలర్ తనంతట తాను ఆగిపోయే అంకెకు) దగ్గరపడుతుంటే కారణం వెతుకుతూ కూర్చోవద్దు, లోడ్ తగ్గించి ఫైరింగ్ దించండి. అలా ఆపే రక్షణ ఇంటర్‌లాక్‌ను బైపాస్ చేద్దామనేవాణ్ణి ప్యానెల్ దగ్గరికి రానివ్వకండి.

కావలసిన సామాను పెద్దగా లేదు. చేత్తో పట్టుకునే ఫ్లూ గ్యాస్ (పొగ గ్యాసు) అనలైజర్, లాగ్‌బుక్, పెన్సిల్. కంప్యూటర్‌లో ట్రెండ్ ఉందిగా అంటారు. ఉంటుంది. కానీ పది నిమిషాలకోసారి తన చేత్తో అంకె రాసినవాడికే అది ఎటు పోతోందో తెలుస్తుంది. నా దగ్గర పెన్సిల్ తప్పనిసరి.

తర్వాత రెండు చిన్న విషయాలు. ఒకటి ఫీడ్‌వాటర్, అంటే బాయిలర్‌కు పోసే నీటి వేడి. నీటిలో కరిగిన గాలి తీసే డీయరేటర్ నుంచి 105 డిగ్రీల్లో రావాల్సిన నీరు 80లో వస్తుంటే, అంతే స్టీమ్ కోసం ఎక్కువ గ్యాస్ మండించాలి. ఆ అదనపు వేడి గ్యాసులన్నీ స్టీమ్‌ను మరింత వేడిచేసే గొట్టాలు, అదే సూపర్‌హీటర్ మీదుగానే పోతాయి. రెండోది, డ్రమ్ము నుంచి ఎవరైనా సాచురేటెడ్ స్టీమ్ (సూపర్‌హీటర్‌కు పోకముందు స్టీమ్) పక్కకు లాగుతున్నారేమో. లాగితే సూపర్‌హీటర్‌లో పారే స్టీమ్ తగ్గుతుంది, ఉన్నది మరింత వేడెక్కుతుంది.

ఈ రెండూ సరిగ్గా ఉంటే ఇక గాలే. బొగ్గు అలవాటున్నవాడు స్టీమ్ వేడెక్కగానే ఫర్నేస్ గోడకు బూడిద అంటిందనుకుని దాన్ని ఊదేసే సూట్ బ్లోయర్ వెతుకుతాడు. గ్యాస్‌లో బూడిద ఎక్కడిది? అవసరానికి మించి గాలి పోతే మంట చల్లబడి ఫర్నేస్ గోడలకు వేడి తక్కువ అందుతుంది. పొగ గ్యాసుల పరిమాణం పెరిగి, మిగిలిన వేడంతా సూపర్‌హీటర్ మీదికి కొట్టుకుపోతుంది. అందుకే ఆక్సిజన్ 5 శాతం ఉన్న చోట స్ప్రే ఎంత తెరిచినా వేడి దిగదు, పైగా చిమ్నీలోంచి డబ్బు పోతుంది.

గాలి తగ్గించడమే ఈ పనిలో చెయ్యి కాలే మెట్టు. నిదానంగా చదవండి.

ముందు ఆ ఆక్సిజన్ అంకెను నమ్మకండి. పొగను బయటికి లాగే ఐడీ ఫ్యాన్ ఉన్న బాయిలర్‌లో లోపల లాగుడు ఉంటుంది కాబట్టి, ఆక్సిజన్ కొలిచే ప్రోబ్‌కు ముందు ఎక్కడ సందున్నా బయటి గాలి లోపలికి దూరుతుంది. ప్రోబ్ 5 చూపిస్తుంది, బర్నర్ దగ్గర మాత్రం 2 కూడా ఉండదు. అది చూసి గాలి కోశారంటే మంట గొంతు నొక్కినట్టే. ఒక ప్లాంటులో మంట చూసే పీప్‌హోల్ మూత గాస్కెట్ పోయి సన్నగా ఈల వేస్తోంది, పక్కనే నిలబడి ముగ్గురు వారం రోజులుగా గాలిని అదుపుచేసే డ్యాంపర్ కోస్తున్నారు. చీర దారమంత సన్నని కాగితం ముక్క దగ్గర పెడితే చటుక్కున సందులోకి అతుక్కుంది. ఒకడు అగరుబత్తి పొగతో చూద్దామన్నాడు. గ్యాస్ బాయిలర్ దగ్గర నిప్పా నాయనా!

సందులు మూశాక డక్టులో రెండు మూడు చోట్ల అనలైజర్ పెట్టి ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్ రెండూ కొలవండి. గాలిని తనంతట తాను సరిచేసే ఆటో ట్రిమ్ మాన్యువల్‌లో పెట్టండి. షిఫ్ట్ ఇంజినీర్ పక్కనే ఉండాలి. ఒక్కో విడతకు 0.2, మహా అయితే 0.3 శాతం తగ్గించి పది నిమిషాలు ఆగండి. టీకి వెళ్లడానికి కాదు, పీప్‌హోల్‌లోంచి చూడటానికి. మంట నీలంగా, బిగువుగా ఉండాలి. చివర్లు నారింజరంగుకు తిరిగి బద్ధకంగా ఊగుతుంటే అక్కడితో ఆపండి. ఫుల్ లోడ్‌లో 2.5 నుంచి 3 శాతం మధ్య నాకు చాలు. సగం లోడ్‌లో అదే అంకె కోసం వెంటపడొద్దు, తక్కువ లోడ్‌కు గాలి కాస్త ఎక్కువే కావాలి.

మోనాక్సైడ్ 100 పీపీఎం దాటితే ఒక విడత వెనక్కి రండి. గ్యాస్‌లో గాలి చాలకపోయినా నల్లపొగ మిమ్మల్ని హెచ్చరించదు, చిమ్నీ శుభ్రంగానే కనిపిస్తుంది. ఒకవేళ మోనాక్సైడ్ ఒక్కసారిగా వేలల్లోకి ఎగిరి, ఫర్నేస్ దడదడ కొట్టుకుంటుంటే మీ చెయ్యి డ్యాంపర్ వైపే పోతుంది. పోనివ్వకండి. కాలని గ్యాస్ నిండిన ఫర్నేస్‌లోకి గాలి గుప్పిస్తే పేలుడుకు కావలసిన సరుకు మీరే కలిపినట్టు. ముందు గ్యాస్ తగ్గించాలి, గాలి అలాగే ఉంచాలి. మంట ఆరిందన్న అనుమానం వస్తే ట్రిప్, ఆ తర్వాత పూర్తి పర్జ్ (లోపలి కాలని గ్యాసంతా గాలితో బయటికి ఊదేయడం). వెంటనే మళ్లీ వెలిగించే ప్రయత్నం వద్దు.

గాలి సరిచేశాకా ఇంకా పదో పదిహేనో డిగ్రీలు ఎక్కువుంటే, అప్పుడు స్ప్రే. స్ప్రేతో మొదలుపెట్టేవాళ్లు జ్వరానికి తడిగుడ్డ వేసి డాక్టర్ని పిలవడం మరిచిపోయేవాళ్లు. స్ప్రే నీరు లవణాలు తీసిన డీఎం నీరో, స్టీమ్ చల్లారి నీరైన శుభ్రమైన కండెన్సేటో అయి ఉండాలి. రసాయనాలు కలిపిన నీరు వదిలితే ఉప్పంతా గొట్టాల్లో పేరుకుంటుంది. చదరపు సెంటీమీటరుకు 45 కేజీల ప్రెషర్ దగ్గర నీరు ఆవిరయ్యేది సుమారు 257 డిగ్రీల్లో. స్ప్రే దాటిన చోట అంతకన్నా కనీసం 15 డిగ్రీలు పైన ఉండేట్టు చూసుకోండి. దిగితే నీటిబొట్లు వేడి గొట్టానికి తగిలి పగుళ్లు తెస్తాయి. తక్కువ లోడ్‌లో స్ప్రే మూసే ఉండాలి.

స్ప్రే వాల్వ్ పూర్తిగా తెరిచినా తేడా లేదంటే నాజిల్ మూసుకుపోయో, అరిగి తుంపరకు బదులు ధారగా పోస్తోందో చూడాలి. అదీ బాగుంటే మంటను పట్టి ఉంచే బర్నర్ డిఫ్యూజర్ విరిగి మంట సూపర్‌హీటర్ దాకా సాగుతోందేమో. ఈ రెండూ షట్‌డౌన్‌లో తేల్చుకునేవే. ఆపినప్పుడు టార్చి పట్టుకుని మీరే లోపలికి చూడండి. కాంట్రాక్టర్ ఫోటో పంపిస్తాడులే అని కూర్చుంటే డిఫ్యూజర్‌కు బాగున్న వైపే ఫోటో వస్తుంది.