లారీ దిగింది, ప్లింత్ ఎక్కలేదు: ఈలోగా ట్రాన్స్‌ఫార్మర్‌కీ ప్యానల్‌కీ వచ్చే తిప్పలు

ఫ్యాక్టరీలో టెస్టులన్నీ పాసైన ట్రాన్స్‌ఫార్మర్ సైటుకొచ్చాక మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) సరైన రీడింగు చూపించకపోతే ముందు కంపెనీనే తిట్టుకుంటాం. నేను చూసినంతలో సరుకు చాలావరకు చెడేది లారీ గేటు ముందు ఆగిన గంటకీ, ప్లింత్ (కాంక్రీటు దిమ్మె) ఎక్కే రోజుకీ మధ్యనే. రైస్ మిల్లులకు, చిన్న ఫ్యాక్టరీలకు వచ్చే 11 కేవీ సామాను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

ట్యాంకు కింద నూనె తడి, రేడియేటర్‌కు సొట్ట

లారీ కుదుపులకు గాస్కెట్ (నూనె కారకుండా అతుకుల మధ్య వేసే కార్క్ పొర) బోల్టులు వదులవుతాయి. సొట్టకు కారణం చాలాసార్లు గొలుసే. ఎత్తడానికి ట్యాంకుకు ఉండే లగ్గులకు కట్టాల్సింది రేడియేటర్ మీదుగా లాగేస్తారు.

ఇక్కడ పానా కంటే ముందు పెన్ను తీయాలి. "సంతకం పెట్టండి సార్, ఇంకో లోడుంది" అని డ్రైవర్ తొందరపెడతాడు. మంచి కండిషన్‌లో అందిందని సంతకం చేశాక ఇన్సూరెన్స్ క్లెయిమ్ కోసం కాళ్లరిగేలా తిరగాల్సిందే. ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీలన్నిటి మీదా కనిపించింది కనిపించినట్టు రాయండి: "ఎడమవైపు రేడియేటర్ రెండు ఫిన్లు సొట్ట, వాల్వు దగ్గర ఆయిల్ లీక్." సరుకు బండి మీదుండగానే, బండి నంబర్ పడేలా ఫొటోలు తీయండి. ఇన్సూరెన్స్ వాళ్లకూ ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకూ అదే రోజు రాతపూర్వకంగా తెలపండి.

ఆ తర్వాత లీకు సంగతి. నూనె కిందికి జారుతుంది కాబట్టి మరక ఉన్నచోటే లీకు ఉందనుకోకండి. కాటన్ వేస్ట్‌తో శుభ్రంగా తుడిచి, పొడి ముగ్గుపిండి అద్ది అరగంట ఆగండి. నూనె ఎక్కడ మొదలవుతోందో అక్కడ పిండి తడుస్తుంది. గాస్కెట్ దగ్గరైతే ఎదురెదురు బోల్టులను కొద్దికొద్దిగా బిగించాలి. బలముంది కదా అని ఒక్క బోల్టునే బిగిస్తే కార్క్ నలిగి లీకు పెరుగుతుంది. వెల్డింగ్ చీలితే మాత్రం చెయ్యి పెట్టొద్దు, కంపెనీ మనిషి రావాల్సిందే.

హుక్ లేపగానే ఒక పక్కకు ఒరుగుతోంది

వెంటనే దించండి. "కొంచెమే కదా, చేత్తో పట్టుకుంటాం" అనే హమాలీలను దూరం జరపండి. హుక్ బరువు మధ్యకు సరిగ్గా పైన లేకపోయినా, స్లింగుల (ఎత్తే తాళ్ల) పొడవు సమానంగా లేకపోయినా ఇలా ఒరుగుతుంది.

పొట్టి స్లింగులతో ఇంకో గండం ఉంది. నేమ్‌ప్లేట్ మీద మొత్తం బరువు 2 టన్నులు, రెండు స్లింగులతో ఎత్తుతున్నాం అనుకుందాం. వాటి మధ్య కోణం 60 డిగ్రీలైతే ఒక్కోదాని మీద పడేది సుమారు 1.15 టన్నులు. 120 డిగ్రీలకు విచ్చుకుంటే ఒక్కోదాని మీదా పూర్తి 2 టన్నులు పడుతుంది. అందుకే స్లింగు పొడుగ్గా ఉండాలి. ట్యాంకు లగ్గులన్నిటికీ డి-షాకిల్ (D ఆకారపు ఇనుప లంకె) వేయాలి. మూత మీది చిన్న రింగులు మూతను ఎత్తడానికే, మొత్తం ట్రాన్స్‌ఫార్మర్‌ను కాదు. బుషింగు (తీగ బయటికొచ్చే పింగాణీ గొట్టం), కన్సర్వేటర్ (పైనుండే నూనె డబ్బా), రేడియేటర్‌లకు తాడు తగలకూడదు. ముందు ఓ 10 సెంటీమీటర్లు లేపి, రెండు నిమిషాలు ఆపి చూశాకే పైకి పోనివ్వండి.

హైడ్రా (క్రేన్ బండి) 12 టన్నులదైనా బూమ్ చాపిన కొద్దీ మోసే బరువు దారుణంగా తగ్గిపోతుంది. క్యాబిన్‌లో లోడ్ చార్ట్ చూడమంటే కొందరు ఆపరేటర్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. పైన 11 కేవీ లైను పోతుంటే ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సప్లై ఆపించే అనుమతి) తీసుకోకుండా బూమ్ లేపనివ్వొద్దు.

ప్యానల్ తలుపు తీస్తే లోపల నీటి చుక్కలు

ఓ మిల్లులో ఆగస్టులో నాకిదే ఎదురైంది. ప్యానల్‌ను (స్విచ్‌లు, బ్రేకర్లుండే ఇనుప బీరువాను) నెలన్నర పాటు టార్పాలిన్‌తో, చంటిబిడ్డకు దుప్పటి చుట్టినట్టు, నేల దాకా బిగించి కట్టారు. వాన చుక్క పడలేదు, ఆ మాట నిజమే. కానీ తలుపు తీస్తే పైరేకు లోపలివైపు వరసగా నీటి బొట్లు, రాగి బస్‌బార్ (కరెంటు మోసే పట్టీ) చివర పచ్చటి చిలుము. తడి పైనుంచి రాలేదు. కింద నల్లరేగడి నేల. రాత్రి రేకు చల్లబడగానే నేలలోంచి లేచిన ఆవిరి లోపలే నీరైంది.

స్లీపర్ల (చెక్క దిమ్మెల) మీద ఎత్తి, టార్పాలిన్‌ను కింద ఓ జానెడు వదిలేసి, గాలి ఆడేలా కట్టించాం. లోపలి స్పేస్ హీటర్‌కు మాత్రమే తాత్కాలికంగా 230 వోల్టుల సప్లై ఇచ్చాం. హీటర్ లేని ప్యానల్ అరలో 60 వాట్ల పాతరకం బల్బు, వైర్లకు తగలకుండా వేలాడదీశాం. చిలుము తుడిచి, మెగ్గర్ రీడింగు నిలకడగా పెరిగేదాకా ఆగాం. అప్పటిదాకా ఓనరుగారి టెన్షన్ చూడాలి!

సిలికా జెల్ గులాబీ రంగు, మెగ్గర్ తక్కువ

కంగారుపడి ఆయిల్ ఫిల్టర్ మెషిన్‌ను పిలిపించే ముందు బుషింగులు పొడిగుడ్డతో తుడిచి మళ్లీ మెగ్గర్ వేయండి. దుమ్ము, తేమ పట్టిన పింగాణీయే చాలాసార్లు అసలు దొంగ. నూనె వేడి కూడా రాసుకోండి. 10 డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ రీడింగు దాదాపు సగానికి పడిపోతుంది. మే నెల మధ్యాహ్నం రీడింగును తెల్లవారుజామున తీసినదానితో పోల్చకూడదు.

అప్పటికీ తక్కువే ఉంటే బ్రీదర్ (లోపలికి పోయే గాలిలోని తేమను సిలికా జెల్‌తో పీల్చే డబ్బా) చూడండి. కింది కప్పులో నూనె పోయకుండా వదిలేస్తే బయటి గాలి నేరుగా జెల్ మీదికి పోతుంది. తేమ పట్టి గులాబీగా మారిన నీలంరకం జెల్‌ను మళ్లీ నీలం రంగు వచ్చేదాకా వేయించి వాడొచ్చు. తర్వాత ట్యాంకు అడుగు వాల్వు నుంచి శాంపిల్ తీసి బీడీవీ (నూనె ఎంత వోల్టేజీ తట్టుకుంటుందో చూసే) పరీక్ష చేయించండి. అది కూడా తక్కువొస్తే అప్పుడు ఫిల్టరేషన్ తప్పదు.

పెద్ద పవర్ ట్రాన్స్‌ఫార్మర్లు చాలాసార్లు నూనె లేకుండా నైట్రోజన్ నింపి వస్తాయి. ప్రెజర్ గేజ్ సున్నా చూపిస్తే తడిగాలి దూరినట్టే లెక్క. కంపెనీకి చెప్పి, సబ్బునీళ్లతో లీకు పట్టి, డ్యూ పాయింట్ (లోపల ఎంత తేమ ఉందో చెప్పే కొలత) కొలిపించాలి. "లోపల ఏముందో" అని తల మాత్రం పెట్టొద్దు. నైట్రోజన్‌కు వాసన ఉండదు, ఊపిరాడట్లేదని తెలిసేలోపే మనిషి పడిపోతాడు. పొడిగాలి పంపి, ఆక్సిజన్ మీటర్ 19.5 శాతం దాటి చూపించాకే మ్యాన్‌హోల్ దగ్గరికి వెళ్లాలి.

మిగతా సామాను

కేబుల్ డ్రమ్మును పడుకోబెడితే చుట్లు జారి చిక్కుపడతాయి. నిలబెట్టి, రెండువైపులా చెక్కలు కొట్టి ఉంచండి. దొర్లించేటప్పుడు బాణం గుర్తు వైపే. చివరి క్యాప్ ఊడితే తడిసిన ముక్క కోసేసి కొత్త క్యాప్ వేయండి. స్టోర్‌లో నెలలకొద్దీ ఉన్న మోటారు తిప్పగానే గరగరమంటే, బేరింగు బాల్స్ ఒకేచోట ఆని గుంటలు పడ్డాయేమో చూడాలి, పడితే బేరింగు మార్చాల్సిందే. అలా కాకుండా నెలకోసారి షాఫ్ట్‌ను చేత్తో ఒకటింపావు చుట్టు తిప్పించండి. తిప్పిన తేదీని మార్కర్‌తో కవర్ మీద రాయించండి, లేకపోతే స్టోర్ కీపర్ ఎప్పుడడిగినా "నిన్ననే తిప్పాం సార్" అంటాడు.