మీ ఆటకు తగిన గోల్ఫ్ ఐరన్లు ఎంచుకోవడం ఎలా?

డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ళకి గోల్ఫ్ పిచ్చి బాగానే పట్టింది. గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘమైన పీజీఏ ఆఫ్ అమెరికా 2022లో తన హెడ్ ఆఫీసుని ఫ్లోరిడా నుంచి డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోకి తెచ్చుకుంది కాబట్టి ఊళ్ళో ఎటు చూసినా అదే గొడవ. ఆఫీసు వాళ్ళతో ఒకసారి టాప్‌గోల్ఫ్‌కి (సరదాగా బంతులు కొట్టే చోటుకి) వెళ్తారు, నాలుగు బంతులు గాల్లోకి లేస్తాయి, ఆ రాత్రికే ఆన్‌లైన్‌లో ఐరన్ల (మధ్య దూరాలకి వాడే, లోహపు తల ఉన్న క్లబ్బుల) సెట్టు ఆర్డర్ పెట్టేస్తారు. అది కూడా టీవీలో ఎవరో ప్రొ వాడాడని సన్నగా మెరిసిపోయే బ్లేడ్లు (బంతి మధ్యలో తగలకపోతే మన్నించని రకం ఐరన్లు). హైదరాబాద్‌లోనూ తేడా ఏం లేదు, గోల్కొండ నయా ఖిల్లా కోర్సులో ఆడే ఫ్రెండ్స్ పంపే బ్యాగుల ఫొటోల్లోనూ అవే కనిపిస్తున్నాయి. ఆరు నెలలు తిరక్కుండానే "నాకు ఐరన్లు రావడం లేదు బ్రో" అని ఫోన్.

ఐరన్లు రాకపోవడం ఏం లేదు. కొనేటప్పుడు మీ బెస్ట్ షాట్ చూసుకుని కొన్నారు, కోర్సులో ఆడేది మాత్రం మీ మామూలు షాట్. నేను చెప్పే పద్ధతంతా మీ చెడ్డ షాట్లను బట్టి ఐరన్ ఎంచుకోవడమే.

1. ముందు మీ స్కోరు నిజంగా రాసుకోండి

గత ఐదారు రౌండ్ల స్కోర్లు తీయండి. మల్లిగన్లు (లెక్కలోకి రాకుండా మళ్ళీ కొట్టిన షాట్లు), "ఇది ఇచ్చేశాంలే" అని వదిలేసిన పుట్‌లు అన్నీ కలిపి లెక్కేయండి. 2020లో వచ్చిన కొత్త హ్యాండిక్యాప్ విధానంలో 54 దాకా హ్యాండిక్యాప్ (మీ ఆట స్థాయి చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచి ఆట) ఇస్తున్నారు కాబట్టి ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

100 దాటుతుంటే సూపర్ గేమ్ ఇంప్రూవ్‌మెంట్ అనే రకం, అంటే వెడల్పాటి సోల్ (తల అడుగుభాగం), మందపాటి తల ఉన్నవి. 85 నుంచి 100 మధ్య ఉంటే గేమ్ ఇంప్రూవ్‌మెంట్, అంటే దానికంటే కాస్త సన్నవి. ఎప్పుడూ 85 లోపే ఉంటే ప్లేయర్స్ డిస్టెన్స్ అనే ఇంకా సన్నటి రకం చూడొచ్చు. బ్లేడ్ల సంగతి సింగిల్ హ్యాండిక్యాప్ (ఒక అంకె, అంటే 10 లోపు) వచ్చాక మాట్లాడుకుందాం. రెండు రకాల మధ్య ఊగిసలాడుతుంటే సులువైనదే తీసుకోండి, ఇందులో చర్చ లేదు.

2. తల ఆకారం చూడండి

ఇది ఐదు నిమిషాల పని. వెనుక గుంటలా తొలిచి ఉంటే క్యావిటీ బ్యాక్. అక్కడ తీసిన బరువుని అంచుల చుట్టూ పెడతారు, దాంతో బంతి మధ్యలో తగలకపోయినా తల తక్కువగా తిరుగుతుంది, వేగం తక్కువ పోతుంది. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా పనిచేసిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ 1960ల్లో ఈ ఆలోచనని ఐరన్లలోకి తెచ్చాడు, పింగ్ కంపెనీ ఆయనదే. 1982లో వచ్చిన పింగ్ ఐ2 ఐరన్లని ఇప్పటికీ బ్యాగులో పెట్టుకు తిరిగే ముసలాయన ప్రతి కోర్సులోనూ ఒకరు ఉంటారు, వాళ్ళతో పందెం కాయకండి.

సోల్ వెడల్పుగా ఉంటే బరువు కిందికి దిగి బంతి తేలిగ్గా లేస్తుంది, క్లబ్ నేలలోకి దిగబడదు. ఆఫ్‌సెట్ అంటే షాఫ్ట్ (క్లబ్ కర్ర) కంటే ఫేస్ (బంతిని తాకే ముఖం) కాస్త వెనక్కి ఉండటం, స్లైస్ కొట్టేవాళ్ళకి, అంటే బంతి కుడికి వంకర తిరిగేవాళ్ళకి ఇది మందులా పనిచేస్తుంది. మీ బంతి ఇప్పటికే ఎడమకి వంకర తిరుగుతుంటే మాత్రం (కుడిచేతి వాటం వాళ్ళ లెక్క) ఎక్కువ ఆఫ్‌సెట్ వద్దు, ఇంకా ఎడమకి పోతుంది. పైఅంచు మందంగా ఉందని, చూడ్డానికి పారలా ఉందని కొందరు వద్దంటారు. ఫెయిర్‌వే మీద నిలబడ్డాక పక్కవాడు మీ క్లబ్ అందం చూడడు, బంతి ఎక్కడ పడిందో చూస్తాడు.

3. షాఫ్ట్

స్టీల్ షాఫ్ట్‌లు సుమారు 95 నుంచి 130 గ్రాములు, గ్రాఫైట్ ఎక్కువగా 55 నుంచి 80 వరకు ఉంటాయి. గ్రాఫైట్ ముసలివాళ్ళకి అనే మాట పక్కన పెట్టండి. రోజంతా కీబోర్డు ముందు కూర్చుని మోచేతులు, మణికట్లు పాడైన సాఫ్ట్‌వేర్ జనానికి గ్రాఫైటే సరి. సెవెన్ ఐరన్‌తో క్యారీ (బంతి గాల్లో పోయే దూరం) 140 యార్డ్‌లు దాటని వాళ్ళు స్టిఫ్, అంటే వంగని గట్టి షాఫ్ట్, అడగకూడదు, కాస్త వంగే రెగ్యులర్ చాలు.

4. కొట్టి చూడటం, అందరూ పాడుచేసేది ఇక్కడే

పైన చెప్పినవి కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. ఇది తప్పితే మాత్రం వెయ్యి డాలర్లు అటకెక్కినట్టే.

షాపుకెళ్ళి సిమ్యులేటర్ ముందు నిలబడతారు. ఓ మోడల్ ఇస్తారు, 172 యార్డ్‌లు అని తెరమీద పడుతుంది. మీ పాత సెవెన్ ఐరన్ 150 కొడుతుంది కాబట్టి కళ్ళు తిరుగుతాయి, కార్డు గీకేస్తారు. ఆ 172 ఎక్కడినుంచి వచ్చిందో అడగరు. లాఫ్ట్ అంటే ఫేస్ వెనక్కి వాలిన కోణం, అది తక్కువైతే (గట్టి లాఫ్ట్ అంటారు) బంతి ఎక్కువ దూరం పోతుంది. టైటిలిస్ట్ 620 ఎంబీ అనే బ్లేడు సెవెన్ ఐరన్ లాఫ్ట్ 35 డిగ్రీలు, పింగ్ జీ430 సెవెన్ ఐరన్‌ది 29 డిగ్రీలు. ఆరు డిగ్రీలంటే దాదాపు ఒకటిన్నర క్లబ్ తేడా. కింద 7 అని రాసి చేతికిచ్చింది పాత లెక్కలో సిక్స్ ఐరన్ కంటే గట్టిది. కంపెనీలు మోసం చేస్తున్నాయని అనడం లేదు, వాటి బరువు కిందికి ఉంటుంది కాబట్టి ఆ లాఫ్ట్‌లోనూ బంతి లేస్తుంది. కానీ ఒక మోడల్‌ని ఇంకో మోడల్‌తో దూరంలో పోల్చేముందు లాఫ్ట్ అడక్కపోతే ఆ పోలికకి అర్థం లేదు. మోడల్ పేజీలో స్పెసిఫికేషన్స్ అని ఉంటుంది, ఫోన్‌లో తెరిచి పెట్టుకునే వెళ్ళండి.

ఇక కొట్టే తీరు. మీ సొంత క్లబ్‌తో ఒళ్ళు వేడెక్కే దాకా కొట్టండి. చల్లటి ఒంటితో కొట్టిన మొదటి మోడల్ ఎప్పుడూ ఓడిపోతుంది. మూడు మోడళ్ళు చాలు, మూడింటికీ ఒకే బరువు షాఫ్ట్ పెట్టమనండి, లేకపోతే తలని పరీక్షిస్తున్నారో షాఫ్ట్‌ని పరీక్షిస్తున్నారో తెలియదు. ఒక్కోదానితో ఐదు బంతులు, మళ్ళీ మొదటిదానికి వచ్చి ఇంకో ఐదు. ఒకే క్లబ్‌తో వరసగా పదిహేను కొడితే చెయ్యి దానికి అలవాటు పడిపోతుంది, చివరిది అలసటతో నష్టపోతుంది.

ఫిట్టింగ్ చేసే అబ్బాయికి ముందే చెప్పండి: ఒక్క షాట్ కూడా తీసేయొద్దు అని. మీరు చెడ్డగా కొట్టగానే "దీన్ని డిలీట్ చేస్తాను" అంటాడు, మర్యాద కోసమే అంటాడు పాపం. కానీ మీకు కావలసిన సమాచారం ఆ షాట్లలోనే ఉంది.

తెరమీద మొత్తం దూరం చూడొద్దు, క్యారీ చూడండి, అందులోనూ బాగా పొడుగ్గా వెళ్ళిన రెండింటినీ చేత్తో కప్పేయండి. ఉదాహరణకి ఒక మోడల్ బాగా తగిలితే 168, మధ్య తప్పితే 129. ఇంకోటి బాగా తగిలితే 156, తప్పితే 144. గ్రీన్ (హోల్ ఉండే చోటు) ముందు బంకరుంది, అంటే ఇసక గుంట, దాన్ని దాటడానికి 140 కావాలి. మొదటిదానితో తప్పు తగిలిన ప్రతిసారీ ఇసకలో ఉంటారు, రెండోదానితో గ్రీన్ ముందంచులో ఉంటారు. నా దగ్గరకొచ్చి అడిగేవాళ్ళలో చాలామంది ఇది విన్నాక కూడా ఆ 168 వైపే చూస్తారు, ఏం చేస్తాం.

బంతి ఫేస్ మీద ఎక్కడ తగులుతోందో కూడా చూడాలి. ఫుట్ పౌడర్ స్ప్రే ఫేస్ మీద పలచగా కొడితే మచ్చ స్పష్టంగా పడుతుంది, ప్రతి రెండు మూడు షాట్లకి తుడిచి మళ్ళీ కొట్టాలి. ఇండియాలో అది దొరక్కపోతే వైట్‌బోర్డ్ మార్కర్‌తో బంతి మీద చుక్క పెట్టి, ఆ చుక్క ఫేస్ వైపుండేలా పెట్టి కొట్టండి, రంగు అంటుకుంటుంది. మచ్చలన్నీ టో (తల చివర) వైపు ఒకేచోట పడుతుంటే అది క్లబ్ కాపాడాల్సిన తప్పు కాకపోవచ్చు, పొడవో మీ నిలబడే దూరమో సరిచేసుకోవాలి. మచ్చలు టో, హీల్ (షాఫ్ట్ దగ్గరి వైపు), కింద అంతా చిందరవందరగా ఉంటే మాత్రం ఉన్నవాటిలో పెద్ద తల తీసుకుని ఇంటికెళ్ళండి.

బంతి కిందికి దిగే కోణం అని ఇంకో అంకె ఉంటుంది. సెవెన్ ఐరన్‌కి 45 డిగ్రీల దగ్గర ఉంటే బంతి గ్రీన్ మీద ఆగుతుంది. 40 లోపుంటే అది పడ్డాక పరిగెత్తి వెనకాల చెట్లలోకి పోతుంది. నెమ్మదిగా స్వింగ్ చేసేవాళ్ళకి గట్టి లాఫ్ట్ ఐరన్లతో ఈ ఇబ్బంది ఎక్కువ, వేసవిలో గ్రీన్లు గట్టిపడినప్పుడు ఇంకా తెలుస్తుంది.

అన్నింటికంటే పెద్ద బోల్తా చాప. సిమ్యులేటర్లో, రేంజిలో ఉండే చాప మీద బంతికి రెండంగుళాల వెనక కొట్టినా క్లబ్ జారి ముందుకొచ్చి బంతిని తాకుతుంది, తెరమీద మంచి అంకే పడుతుంది. గడ్డి మీద అదే స్వింగ్‌కి పచ్చిక ముక్క లేస్తుంది, బంతి సగం దూరం పోయి ఆగుతుంది. సోల్ వెడల్పు మీకు ఎంత కావాలో చాప ఎప్పటికీ చెప్పదు. కాబట్టి గడ్డి మీద కొట్టనిచ్చే రేంజిలో డెమో డే ఉన్నప్పుడు వెళ్ళండి, లేదా డెమో క్లబ్ అద్దెకి తీసుకుని తొమ్మిది హోల్స్ ఆడండి. అదీ కుదరకపోతే బంతికి నాలుగంగుళాల వెనక మడిచిన టవల్ పెట్టి కొట్టండి. టవల్ మాటిమాటికీ ఎగురుతుంటే మీకు వెడల్పు సోల్ కావాలి, వాదన అనవసరం.

ఆన్‌లైన్ క్విజ్‌లు ఉంటాయి కదా, ఎత్తెంత, హ్యాండిక్యాప్ ఎంత అని అడిగి మోడల్ చెప్పేవి. టైంపాస్‌కి చేసుకోండి.

5. ఏవేవి కొనాలి

ఫోర్ ఐరన్ వద్దు. స్కోరు 90 లోపు తేలేనివాళ్ళు ఫైవ్ కూడా వద్దు, వాటి స్థానంలో రెండు హైబ్రిడ్లు (ఐరన్‌కీ వుడ్‌కీ మధ్య రకం, బంతి తేలిగ్గా లేచే క్లబ్బులు) పెట్టుకోండి. సిక్స్ నుంచి పిచింగ్ వెడ్జ్ (దగ్గరి దూరాలకి వాడే క్లబ్) దాకా చాలు, బ్యాగులో 14 క్లబ్బులకి మించకూడదని రూలు కదా. ఇక్కడ లాఫ్ట్ సంగతి మళ్ళీ వస్తుంది: జీ430 లాంటి సెట్లలో పిచింగ్ వెడ్జ్ 41 డిగ్రీలే. మీ దగ్గరున్న శాండ్ వెడ్జ్ 56 అయితే మధ్యలో 15 డిగ్రీల గొయ్యి. 80, 90 యార్డ్‌ల నుంచి కొట్టడానికి చేతిలో ఏమీ ఉండదు. అదే సెట్లో వచ్చే గ్యాప్ వెడ్జ్ కూడా తప్పకుండా తీసుకోండి, కుదిరితే మధ్యలో ఇంకోటి.

కొత్తవే కొనాలని లేదు. నాలుగైదేళ్ళ పాత మోడల్ సగం ధరలోపే దొరుకుతుంది, తప్పులు కాయడంలో కొత్తదానికీ దానికీ ఉన్న తేడా మీకూ నాకూ తెలిసేది కాదు. ఫేస్ మీది గాడులు అరిగిపోయాయేమో గోరుతో గీసి చూడండి, గ్రిప్పులు ఎలాగూ మార్చాల్సిందే.

6. లై యాంగిల్

లై యాంగిల్ అంటే క్లబ్ నేల మీద పెట్టినప్పుడు షాఫ్ట్ నేలతో చేసే కోణం. బంతి మీద మార్కర్‌తో నిలువు గీత గీసి, ఫేస్ వైపు తిప్పి కొట్టండి. ఫేస్ మీద పడిన గీత అడ్డగాడులకి నిటారుగా ఉంటే సరే. పైభాగం టో వైపు వాలితే క్లబ్ మీకు ఎక్కువ నిటారుగా ఉన్నట్టు, బంతి ఎడమకి పోతుంటుంది. హీల్ వైపు వాలితే దానికి రివర్స్. ఒకటి రెండు డిగ్రీలైతే షాపులో వంచుతారు, కానీ పోత పోసిన తలలు కొన్ని విరుగుతాయి, ముందు ఆ మోడల్ వంగుతుందో లేదో కనుక్కోండి.

సెట్టు చేతికొచ్చిన రోజునే అన్ని క్లబ్బుల లాఫ్టూ లైయ్యూ మెషీన్ మీద కొలిచి ఇవ్వమనండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినవాటిలో ఓ డిగ్రీ అటూ ఇటూ ఉండటం మామూలే, ఎయిట్ ఒక డిగ్రీ గట్టిగా నైన్ ఒక డిగ్రీ మెత్తగా ఉంటే ఆ రెండింటి మధ్య దూరం మీకెప్పటికీ అర్థం కాదు. సెకండ్‌హ్యాండ్ అయితే ఇది ఇంకా ముఖ్యం, ముందు వాడినాయన ఎటు వంచుకున్నాడో ఎవరికి తెలుసు.