"పెళ్లయిందా?" అని అడగకండి: క్లమీడియా టెస్ట్ ఇచ్చే పద్ధతి

ఇంగ్లండ్‌లో ఒక కమ్యూనిటీ సెక్సువల్ హెల్త్ క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. మన వైపు నుంచి కొత్తగా వచ్చి ఇలాంటి చోట్ల చేరిన నర్సమ్మలు క్లమీడియా (లైంగికంగా సోకే ఇన్ఫెక్షన్) టెస్ట్ గురించి నన్ను అడిగేది ఒకటే: "అక్కా, ఆ మాట ఎలా ఎత్తాలి?"

నిజానికి మాట ఎత్తడమే అసలు పని. గర్భం రాకుండా మాత్రల కోసమో, చేతిలో పెట్టే ఇంప్లాంట్ కోసమో 25 ఏళ్లలోపు అమ్మాయి వస్తే, బీపీ పట్టీ చుడుతూ మామూలుగా అనండి: "25 లోపు అమ్మాయిలందరికీ ఏడాదికోసారి క్లమీడియా టెస్ట్ ఇస్తాం. ఇవాళే చేసుకుంటారా?" ‘అందరికీ’ అన్న మాట మాత్రం వదలొద్దు. చేరిన కొత్తలో ఒక తెలుగు విద్యార్థినిని నేను అలవాటు కొద్దీ "పెళ్లయిందా?" అని అడిగేశాను. సగం నింపిన ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుని, "మళ్లీ వస్తానండీ" అని లేచింది. రాలేదు. ఆ మడతలు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉన్నాయి.

క్లమీడియా చాప కింద నీరులాంటిది. చాలామందికి నొప్పీ ఉండదు, మంటా ఉండదు. చికిత్స లేకుండా వదిలేస్తే కొందరికి గర్భనాళాలు దెబ్బతిని పిల్లలు పుట్టడం కష్టమవుతుంది, గర్భం నాళంలోనే నిలిచే ప్రమాదమూ ఉంది. ఇక్కడ 2003లో మొదలైన జాతీయ స్క్రీనింగ్‌లో అబ్బాయిలకూ మనమే అడిగి టెస్ట్ ఇచ్చేవాళ్లం. హాని ఎక్కువగా పడేది ఆడవాళ్ల మీదే కాబట్టి 2021 నుంచి ముఖ్యంగా అమ్మాయిలకు ఇస్తున్నాం. అబ్బాయి తనంతట తాను వచ్చి అడిగితే తప్పకుండా చేయాలి.

స్వాబ్ (దూది పుల్లతో తీసే నమూనా) ఆమే తీసుకోవచ్చు. కిట్ చేతికిచ్చి బాత్రూమ్ చూపించేస్తే సరిపోదు, ముందు మీరు పుల్ల పట్టుకుని చూపించండి. యోని లోపలికి రెండు అంగుళాలు, మెల్లగా తిప్పుతూ 10 నుంచి 30 సెకన్లు, తర్వాత ట్యూబులో పెట్టి గీత దగ్గర విరవాలి. ట్యూబులోని ద్రవం ఒలికితే కొత్త కిట్ ఇవ్వండి. అబ్బాయిలైతే గంటసేపు మూత్రం ఆపుకుని, మొదట వచ్చే ధారే పట్టాలి. శారీరకంగా కలిసి రెండు వారాలు కాకపోతే ఇవాళ చేసినా, రెండు వారాలు దాటాక మళ్లీ చేయాలి.

రిజల్ట్ మెసేజ్‌లో వస్తుంది. "మీ ఫోన్ ఇంకెవరైనా చూస్తారా?" అని తప్పక అడగండి. మన పిల్లలకు అసలు టెన్షన్ అక్కడే: ఇంట్లో తెలుస్తుందేమోనని, వీసాకి అడ్డమేమోనని, డబ్బు కట్టాలేమోనని. ఎన్‌హెచ్‌ఎస్‌లో (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవలో) ఈ టెస్టూ చికిత్సా విద్యార్థులకు కూడా ఉచితమని వాళ్లు అడగకముందే చెప్పండి. 16 లోపు పిల్లలైతే విషయం అర్థం చేసుకోగలరో లేదో, ఎవరైనా బలవంతపెడుతున్నారేమో నెమ్మదిగా కనుక్కోండి. 13 లోపైతే వెంటనే పిల్లల రక్షణ చూసే సేఫ్‌గార్డింగ్ వాళ్లకు చెప్పాల్సిందే.

పాజిటివ్ వస్తే సాధారణంగా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, 7 రోజులు. గర్భం ఉంటే ఇది ఇవ్వరు, కాబట్టి ముందే అడగాలి. కోర్సు పూర్తయ్యేదాకా, భాగస్వామికి కూడా చికిత్స అయ్యేదాకా కలవకూడదు. ఆ సంగతి అతనికి తను చెప్పలేనంటే, పేరు బయటపెట్టకుండా క్లినిక్కే కబురు పంపుతుంది. మళ్లీ సోకడం మామూలే కాబట్టి మూడు నెలలకు ఇంకో టెస్ట్ ఉంటుంది. ఆ తేదీ ఆమె కుర్చీలోంచి లేవకముందే తన ఫోన్‌లో రిమైండర్‌గా పెట్టించండి.