ఎండలు ముదిరేలోపు మామిడి చెట్టు ఆకుని కాపాడుకోండి

పిందె బఠాణీ గింజ సైజు దాటి నిమ్మకాయంత అయ్యే టైముకే విశాఖలో ఎండలు అందుకుంటాయి. పిందె రాలిపోతోంది, ఏ మందు కొట్టాలి అని అందరికీ టెన్షన్ మొదలయ్యేదీ అప్పుడే. మందు సంగతి తర్వాత, ముందు ఆకునీ వేరునీ చూసుకోండి. కాయలో చేరే తీపంతా ఆకులో తయారైన చక్కెరే, ఒక్క కాయ బాగా ఊరాలంటే పదుల కొద్దీ ఆకులు పనిచేయాలి.

వేళ్లకి నీరు అందకపోతే ఆకు తన పత్రరంధ్రాలు, అంటే గాలీ ఆవిరీ వచ్చిపోయే కంటికి కనపడని సన్న రంధ్రాలు, మూసేసుకుంటుంది. నీరు మిగులుతుంది గానీ కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాదు, చక్కెర తయారీ పడిపోతుంది, నీరు ఆవిరవ్వడం తగ్గేసరికి ఆకు ఇంకా వేడెక్కుతుంది. పైగా సముద్రం పక్కన ఉన్నాం కాబట్టి మనకి రాత్రిపూట కూడా ఉక్కపోత తగ్గదు. చెట్టు రాత్రంతా శ్వాసిస్తూ చక్కెర ఖర్చు పెడుతూనే ఉంటుంది, వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది. పగలు సంపాదన తగ్గి, రాత్రి ఖర్చు పెరిగిన ఇల్లు ఎలా ఉంటుందో చెట్టు పరిస్థితీ అంతే, మోయలేని పిందెల్ని వదిలేస్తుంది. పూతలో ఒక్క శాతం కూడా చివరిదాకా కాయగా నిలవదు, కాబట్టి రాలిన ప్రతి పిందెకీ తెగులు అంటగట్టి మందులు కొట్టకండి.

అన్నిటికంటే ముఖ్యం, తడి ఒకేలా ఉండాలి. భీమిలి, ఆనందపురం వైపు ఎర్ర నేలల్లో నీరు ఎక్కువ రోజులు నిలవదు. పది రోజులు ఎండబెట్టి ఒకేసారి పాదు నిండా పెట్టేస్తే కాయ లోపల ఒక్కసారిగా ఉబ్బుతుంది, తొక్క మాత్రం సాగదు, పగులుతుంది. దానిమ్మ, నిమ్మ ఉన్నవాళ్లు ఇది ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. నీళ్లు చెట్టు మొదలు దగ్గర పోయడం కూడా మానేయండి, నీరు తాగే సన్న వేళ్లు కొమ్మల చివర్ల కింద ఉంటాయి, అక్కడ పెట్టండి, తెల్లవారుజామునో సాయంత్రమో. పాదులో ఎండుటాకులో వరిగడ్డో మందంగా పరవండి, మొదలుకి తగలకుండా కొంచెం ఎడం ఉంచండి. ఎండుటాకులు ఊడ్చి తగలబెట్టేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

కాయలు ఊరేటప్పుడు యూరియా వద్దు. కొత్త చిగురు వస్తే కాయకి పోవాల్సిన చక్కెర అదే లాక్కుంటుంది. పొటాషియం ఉపయోగపడుతుంది, పత్రరంధ్రాలు తెరుచుకుని మూసుకోవడానికీ, చక్కెర ఆకు నుంచి కాయకి చేరడానికీ అదే కావాలి. 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) లీటరు నీటికి 10 గ్రాములు కలిపి చల్లపూట పిచికారీ చేయొచ్చు, కానీ చెట్టు వాడిపోయి ఉంటే ముందు నీళ్లు పెట్టి అది తేరుకున్నాకే.

మేడ మీద కుండీల్లో పెంచేవాళ్లకి అసలు ప్రమాదం వేరుకే. నల్ల ప్లాస్టిక్ కుండీ కాలిపోతుంది. కుండీల్ని దగ్గర దగ్గరగా చేర్చి, పడమటి ఎండ తగలకుండా గ్రీన్ నెట్ కట్టండి.

ఈదురుగాలులు రాకముందే బరువుగా వంగిన కొమ్మలకి గుంజలు పెట్టండి. కాయలకి ఎండ తగులుతోందని ఆకున్న కొమ్మల్ని ఇప్పుడు నరకొద్దు, ఎండదెబ్బ నుంచి కాయని కాసేది ఆ ఆకే. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను ఆకంతా దూసేశాక కూడా నిలబడ్డ చెట్లు మళ్లీ చిగురించాయంటే కాండంలో, వేళ్లలో దాచుకున్న పిండి పదార్థమే ఆధారం. ఆ నిల్వ ఖాళీ కాకుండా, లేత చెట్టుకి కాయలు ఎక్కువైతే కొన్ని చిన్నప్పుడే తీసేయండి, మనసొప్పకపోయినా.

కోతకి తొందరపడకండి, రేటు బాగుందని అసలే వద్దు. మామిడి కాయ పెరిగేటప్పుడు పిండి దాచుకుంటుంది, పండేటప్పుడు అదే చక్కెరగా మారుతుంది. లేతకాయలో ఆ పిండే తక్కువ, కార్బైడ్ పెడితే రంగొస్తుంది గానీ తీపి ఎక్కడి నుంచి వస్తుంది? పైగా కార్బైడ్ వాడకం నిషేధం. కోతకి రెండు వారాల ముందు నీళ్లు తగ్గించండి. బంగినపల్లి అయినా సువర్ణరేఖ అయినా తొడిమ దగ్గర భుజాలు నిండాయో లేదో చూడండి, ఒకటి రెండు కోసి బకెట్ నీళ్లలో వేయండి, తేలితే చెట్టు మీద మిగతావాటిని ఇంకొన్నాళ్లు ఉండనివ్వండి. మునిగితే అంగుళం తొడిమ ఉంచి, సొన తొక్క మీద కారకుండా, పొద్దున్నే కోసి నీడకి చేర్చండి.