లాక్స్ మొదలుపెట్టే ముందు కొబ్బరినూనె సీసా దాచేయండి

మాది నరసరావుపేట. మా ఆయన హ్యూస్టన్‌లో పుట్టి పెరిగిన నల్లజాతి అమెరికన్. మా అబ్బాయికి అచ్చంగా వాళ్ళ నాన్న జుట్టే వచ్చింది. తడిపి లాగితే భుజం దాకా వస్తుంది, చెయ్యి తీస్తే చెవి పైకి వెళ్ళిపోతుంది. లాక్స్ అంటే జుట్టును పాయలుగా తీసి, ఒక్కో పాయా తాడులా అల్లుకుపోయేలా పెంచడం. వాడికి వాటిని పెట్టడం, చూసుకోవడం మా అత్తగారి దగ్గరా, ఆవిడ ఏళ్ళ తరబడి వెళ్తున్న లాక్టీషియన్ (లాక్స్ పని చేసే నిపుణులు) దగ్గరా నేర్చుకున్నాను. ఇలాంటి జుట్టున్న పిల్లల్ని పెంచుతున్న తెలుగు తల్లులు ఇక్కడ హ్యూస్టన్‌లో ఇంకా ఉన్నారు. ఇది ముఖ్యంగా వాళ్ళ కోసం.

మా అమ్మకు వీడియో కాల్‌లో చూపిస్తే "ఇదేంటే, పసివాడికి సాధువులాగా జడలు కట్టించావు?" అంది. మనవైపు జడలు కట్టిన జుట్టంటే సాధువులో, ఎల్లమ్మకు వదిలిన జోగినులో గుర్తొస్తారు కాబట్టి ఆమె అలా అనడంలో వింతేమీ లేదు. కానీ అది దువ్వకుండా వదిలేస్తే తోచినట్టు ఉండకట్టిన జుట్టు. ఇది పాపిడి తీసి, పాయ పాయకూ హద్దు పెట్టి, కడిగి ఆరబెట్టి పెంచేది. లాక్స్ పెంచుకునే రాస్తఫారి మతం జమైకాలో 1930లలో పుట్టింది, దానికి చాలా ముందు నుంచే ఆఫ్రికాలో ఇలాంటి అలంకరణలున్నాయి. నమీబియాలో హింబా ఆడవాళ్ళు ఎర్రమట్టి, వెన్న కలిపి జుట్టుకు పూసి పాయలు కడతారు.

ముందు లాక్ ఎలా కడుతుందో తెలిస్తే మిగతాదంతా తేలిక. మనిషి తలలోంచి రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలతాయి. దువ్వితే దువ్వెనలోకి వచ్చేస్తాయి. దువ్వకపోతే పక్క వెంట్రుకల్లో చిక్కుకుని అక్కడే ఉండిపోతాయి. ఉంగరాల జుట్టు తన చుట్టూ తానే తిరుగుతుంది కాబట్టి రాలిన వెంట్రుకనూ రాలని వెంట్రుకనూ కలిపి అల్లుకుంటుంది. అంటే మనం ఇన్నాళ్ళూ ఏ చిక్కును తీయాలని తంటాలు పడ్డామో, ఇక్కడ ఆ చిక్కే మనకు కావాలి. నూనె రాస్తే వెంట్రుకలు జారిపోతాయి, చిక్కు పడదు. తల కనపడగానే కొబ్బరినూనె అద్దేసే మన చేతులకు ఇది కష్టమైన సంగతే. మైనం అంతకన్నా చేటు. తేనెమైనం కలిపిన క్రీములు దుకాణాల్లో ఇప్పటికీ దొరుకుతున్నాయి. అది లోపలికి వెళ్ళి దుమ్మును పట్టుకుని కూర్చుంటే ఎంత కడిగినా వదలదు.

కాయిల్స్‌తో, అంటే పాయను సుడి తిప్పి మొదలుపెట్టాలంటే జుట్టు రెండు మూడు అంగుళాలుంటే చాలు. రెండు పాయల్ని ఒకదానితో ఒకటి మెలేసే ట్విస్టులకు ఇంకొంచెం పొడవుంటే మంచిది. బిగుతు ఉంగరాల పొట్టి జుట్టుకు కాయిల్స్ బాగుంటాయి. సన్నని దువ్వెనను కుదురు దగ్గర పెట్టి తిప్పుకుంటూ కొస దాకా వస్తే పాయ సుడి తిరుగుతుంది. ట్విస్టులు కాస్త గట్టిగా నిలుస్తాయి. ఆటలాడే పిల్లలకు, చెమట ఎక్కువ పట్టేవాళ్ళకు నేను ట్విస్టులే చెబుతాను. కాకపోతే ఆ మెలిక గీతలు చాలా నెలలు కనిపిస్తాయి.

ఇక పాపిడి. మొత్తం పనిలో తొందర పనికిరానిది ఇదొక్కటే. కుదురు దగ్గర మీరు తీసే గడి ఎంత ఉంటే, రేపు లాక్ లావు ఇంచుమించు అంత ఉంటుంది. మామూలు సైజు అయితే తలకు 60 నుంచి 100 దాకా వస్తాయి. సన్నగా ముద్దుగా ఉన్నాయని చిన్న చిన్న గడులు తీయకండి. లాక్ పొడవు పెరిగేకొద్దీ బరువెక్కుతుంది, ఆ బరువంతా కుదురే మోయాలి. కణతల దగ్గర, నుదుటి అంచున జుట్టు ఎలాగూ పలచన కాబట్టి అక్కడ గడి ఇంకొంచెం పెద్దది తీయాలి. గడులు నిలువునా ఒకే వరుసలో కాకుండా, ఇటుకల గోడలో ఉన్నట్టు ఒక వరుస గీత పక్క వరుస మధ్యలోకి వచ్చేలా తీస్తే మాడు గీతలు గీతలుగా బయటపడదు.

మొదలుపెట్టే రోజు తల షాంపూతో శుభ్రంగా కడగండి, కండిషనర్ వద్దు. జుట్టు తడితడిగా ఉండగానే కొంచెం అలోవెరా జెల్ తీసుకుని తిప్పండి. కొంచెమంటే కొంచెమే, ఎక్కువైతే ఆరాక తెల్లగా పొట్టు లేస్తుంది. అన్నీ ఒకే దిక్కుకు తిప్పాలి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిప్పితే తర్వాత సరిచేసేవాళ్ళకు అయోమయం. కుదురు దగ్గర క్లిప్పు పెట్టి, పూర్తిగా ఆరాకే తీయండి.

తర్వాత రెండు మూడు వారాలు కడగకుండా ఉంచమంటారు. పిల్లాడి మాడు దురద పెడుతుంటే స్ప్రే సీసాలో నీళ్ళు పోసి మాడు మీద కొట్టి, మెత్తటి గుడ్డతో అద్దండి. మొదటిసారి కడిగేటప్పుడు నాలుగైదు లాక్స్ కలిపి వదులుగా అల్లి రబ్బరు బ్యాండు వేసి, తల మీద పలచని మేజోడు గుడ్డ తొడిగి, దాని పైనుంచే షాంపూ నీళ్ళు పోయాలి. కొన్ని విడిపోతాయి. టెన్షన్ పడక మళ్ళీ తిప్పేయండి. కడిగితే విడిపోతాయని నెలల తరబడి కడగకుండా ఉంచేవాళ్ళున్నారు. అది తప్పు. మాడు మీద జిడ్డు లేకుంటేనే జుట్టు బాగా చిక్కుపడుతుంది. మొదటి నెల దాటాక వారానికో, రెండు వారాలకో తలస్నానం చేయించాల్సిందే.

షాంపూ పల్చగా, జిడ్డు మిగల్చనిదై ఉండాలి. కుంకుడుకాయ రసం వాడాలనుకుంటే రెండుసార్లు వడకట్టండి. శీకాయ పొడి, గోరింటాకు పొడి మాత్రం దగ్గరకు రానివ్వకండి. ఆ నలుసులు లాక్ లోపలికి వెళితే బయటికి రావు.

కడగడం కన్నా ఆరబెట్టడం పెద్ద పని. హ్యూస్టన్ గాలి ఏడాదిలో సగం రోజులు తడిగానే ఉంటుంది, లాక్ లోపలి దాకా ఆరడానికి గంటలు పడుతుంది. లోపల తడి నిలిస్తే ముక్కవాసన వస్తుంది, ముదిరితే బూజు పడుతుంది. అందుకని మా ఇంట్లో తలస్నానం ఉదయమే, రాత్రిపూట ఎప్పుడూ కాదు. కుదురు నుంచి కొసకు గుప్పిట్లో పిండుతూ రావాలి. నూగు రాలే టవలు వద్దు. ఆ నూగు లాక్‌లో ఇరుక్కుంటే పట్టకారుతో ఒక్కొక్కటే పీకాలి. అమ్మ పంపిన నేత తువ్వాళ్ళు దీనికి ఎంత పనికొచ్చాయో చెప్పలేను. ఆ తర్వాత డ్రయ్యర్ కింద కూర్చోబెట్టాలి. పిల్లలు కదలకుండా కూర్చోవాలంటే చేతికి ఫోన్ ఇవ్వక తప్పదు, నన్నేమీ అనకండి.

కుదుళ్ళ దగ్గర కొత్త జుట్టు వస్తుంది కదా, దాన్ని లాక్‌లో కలిపేదే రీట్విస్ట్. నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి చాలు. తడి జుట్టుకు కొంచెం జెల్ రాసి కుదురు తిప్పి, ఆపైన పొడవునా దీపం వత్తి చేసినట్టు అరచేతుల మధ్య నలపాలి. పార్టీ ఉందని, ఫొటోలున్నాయని వారం వారం తిప్పితే కుదురు సన్నబడి లాక్ ఊడి చేతికొస్తుంది. తిప్పిన రాత్రి మాడు నొప్పెడితే బిగించేశారని అర్థం, వెంటనే వదులు చేయండి. కణతల దగ్గర అలా లాగి లాగి ఊడిన జుట్టు ఒక్కోసారి తిరిగి రాదు. లాక్టీషియన్ దగ్గరైనా ఈ మాట నోరు తెరిచి చెప్పాలి. కడిగిన ప్రతిసారీ పక్కపక్క లాక్స్ కుదుళ్ళను వేళ్ళతో విడదీయడం కూడా మర్చిపోవద్దు, లేకపోతే రెండూ కలిసి ఒకటైపోతాయి.

మూడో నెల నుంచి చాలామందికి ఓపిక పోతుంది. పాయ మధ్యలో ఉండ కట్టి ఉబ్బుతుంది, తల నిండా పీచు లేస్తుంది, పొడవు తగ్గినట్టు అనిపిస్తుంది. అది పాడైపోవడం కాదు, లోపల అల్లుకుంటోందన్నమాట. ఏడాది, ఏడాదిన్నరకు గట్టిపడి కిందకు వాలతాయి. ఈలోపు రాత్రి శాటిన్ టోపీ, శాటిన్ దిండు గలీబు వాడండి. ఎండిపోయినట్టుంటే మాడుకు రెండు మూడు చుక్కల పల్చటి నూనె రాయొచ్చు. చుక్కలన్నాను, గిన్నె కాదు.

మన తెలుగు కుర్రాళ్ళు కొందరు తమ నిటారు జుట్టుకు ఇదే కావాలని అడుగుతారు. మీకు కాయిల్స్ పెడితే మొదటి స్నానానికే విడిపోతాయి. వెనక్కి దువ్వి ఉండచేసి, క్రోషే సూదితో లోపలికి కుట్టే పద్ధతి మీకు సరిపోతుంది. కొస దగ్గరా కుదురు దగ్గరా పని ఎప్పటికీ తప్పదని తెలుసుకుని దిగండి.

స్కూలు సంగతి. జుట్టు తీరును బట్టి వివక్ష చూపకూడదనే క్రౌన్ చట్టం మొదట 2019లో కాలిఫోర్నియా తెచ్చింది. మా టెక్సాస్‌లో 2023 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. అయినా మాకు దగ్గర్లోని మాంట్ బెల్వ్యూలో ఒక హైస్కూలు కుర్రాడిని లాక్స్ పొడవు పేరుతో నెలల తరబడి క్లాసుకు దూరం పెట్టారు. 2024 ఫిబ్రవరిలో కోర్టు కూడా పొడవు నిబంధన ఆ చట్టానికి విరుద్ధం కాదని చెప్పింది. మగపిల్లలున్నవాళ్ళు మీ స్కూల్ డిస్ట్రిక్ట్ హ్యాండ్‌బుక్‌లో పొడవు గురించి ఏముందో ముందే చదవండి.

సెలవులకు ఇండియా వెళ్తుంటే బయల్దేరే వారంలో రీట్విస్ట్ చేయించి, షాంపూ, స్ప్రే సీసా, శాటిన్ టోపీ పెట్టెలో పెట్టుకోండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో ఆఖరి చెంబులు మంచినీళ్ళవైతే జుట్టు బిరుసెక్కదు. చుట్టాలు తలా ఒకసారి పట్టుకుని చూస్తారు. వాడికి ఇష్టం లేకపోతే "ముట్టుకోకండి పిన్నీ" అని మీరే అనేయండి, వాడితో అనిపించొద్దు. ఇక తిరుపతి మొక్కు ఉంటే లాక్స్ మొదలుపెట్టకముందే తీర్చేసుకోండి.