వేసవి విత్తనాలకు ముందు మిద్దె తోట కుండీలు: సమస్య - పరిష్కారం

సంక్రాంతి దాటి చలి తగ్గుముఖం పట్టేసరికి మిద్దె తోటలో టమాటా, చిక్కుడు కాపు చివరికి వస్తుంది. ఉగాది నాటికి బెండ, బీర, సొర, కాకర తీగలు పచ్చగా ఎగబాకుతుంటే చూడాలన్న ఆశతో విత్తనాల డబ్బా తెరుస్తాం. అంతకంటే ముందు కుండీలను ఒకసారి పరీక్షించుకోవాలి. వేసవి పంటను వేధించే లోపాల్లో చాలావాటికి మూలం శీతాకాలపు పంట వదిలి వెళ్లిన మట్టిలోనే ఉంటుంది.

సమస్య: పోసిన నీరు వెంటనే అడుగు నుంచి కారిపోతుంది, అయినా మొక్క వాడిపోతుంది.
కారణం: మట్టి ఎండి కుంచించుకుపోయి కుండీ అంచు నుంచి విడిపోయింది. పూర్తిగా ఎండిన కొబ్బరి పొట్టు కూడా నీటిని త్వరగా పీల్చుకోదు.
పరిష్కారం: మొక్క ఉంటే కుండీని అరగంట నీళ్ల తొట్టిలో ఉంచాలి. ఖాళీ కుండీ అయితే మట్టిని బోర్లించి, గడ్డలు చిదిపి, రెండు పాళ్ల ఎర్రమట్టికి ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కడిగిన కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి చొప్పున కలిపి మళ్లీ నింపాలి. మాగని పేడ వేడికి లేత వేర్లు మాడిపోతాయి కనుక ఈ విషయంలో తొందర పనికిరాదు.

సమస్య: కింది ఆకులు పసుపుబారుతున్నాయి.
కారణం: వేలు రెండు అంగుళాల లోతుకు దింపి చూడండి. మట్టి ముద్దగా ఉండి పులిసిన వాసన వస్తే అడుగు రంధ్రం మూసుకుపోయినట్టు. తేమ సరిగానే ఉంటే నత్రజని తగ్గినట్టు.
పరిష్కారం: మొదటిదానికి రంధ్రం తెరిచి, దానిపై పెంకు ముక్క పెట్టాలి. రెండోదానికి జీవామృతం పోయాలి. 10 లీటర్ల నీటిలో అరకిలో ఆవు పేడ, అర లీటరు ఆవు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల శనగపిండి, గుప్పెడు మంచి మట్టి కలిపి, నీడలో 48 గంటలు ఉంచి, రోజుకు రెండుసార్లు కర్రతో తిప్పితే ఇది సిద్ధమవుతుంది. వారంలోపు వాడేయాలి.

సమస్య: మట్టి తడిగా ఉన్నా మధ్యాహ్నం మొక్క తల వాల్చి, సాయంత్రానికి తేరుకుంటుంది, ఎదుగుదల లేదు.
కారణం: పాత మొక్కను పీకి వేర్లను కడిగి చూడాలి. వేరు తానే ఉబ్బి పూసల్లా బుడిపెలు కట్టి ఉంటే అవి నులిపురుగులు (మట్టిలో ఉండి వేర్లలో చేరే, కంటికి కనిపించని సన్నని పురుగులు) చేసినవి. అయితే చిక్కుడు, గోరుచిక్కుడు వేర్లకు పక్కగా అతుక్కుని, గోటితో గీకితే ఊడి వచ్చి, లోపల గులాబీ రంగులో కనిపించేవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించే మేలైన బుడిపెలు. ఈ తేడా తెలియక మంచి మట్టిని పారబోసేవారు ఉన్నారు. అది చాలా నష్టం.
పరిష్కారం: బుడిపెల వేర్లను ఏరి చెత్తలో వేయాలి, కంపోస్టులో కలపకూడదు. ఆ మట్టిలో ఈ వేసవికి బెండ, వంగ, తీగజాతి కూరలు వద్దు. ఏప్రిల్, మే నెలల్లో దాన్ని తడిపి, పలుచగా పరచి, పారదర్శకమైన పాలిథీన్ షీటు కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు ఎండలో ఉంచాలి. తరువాత వేపపిండి కలిపి బంతి నాటుకోవచ్చు. పొలంలో కష్టమైన ఈ పని కుండీల్లో సులువుగా చేయగలగడం మిద్దె తోటకు ఉన్న గొప్ప వెసులుబాటు.

సమస్య: విత్తనాలు మొలవడం లేదు.
కారణం: రాత్రి చలి, గట్టి పెంకు, ఎక్కువ లోతు.
పరిష్కారం: బెండ, కాకర విత్తనాలను రాత్రంతా నానబెట్టి, విత్తనం మందానికి రెండింతల లోతులోనే పెట్టాలి.

సమస్య: ఎండ ముదిరేకొద్దీ చిగుళ్లలో పేనుబంక, కాండంపై తెల్లని పిండినల్లి.
కారణం: పక్కనే చీమల బారు ఉంటుంది, తీపి జిగురు కోసం అవే వీటిని కాపాడుతూ ఒక మొక్క నుంచి మరొక మొక్కకు చేరవేస్తాయి.
పరిష్కారం: ముందు నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిపాటి సబ్బు ద్రావణంతో కలిపి, సాయంత్రం వేళ ఆకుల అడుగుభాగం తడిసేలా వారానికోసారి పిచికారీ చేయాలి. చీమల బారు తెగేదాకా దీన్ని ఆపకూడదు.